పదేళ్ల వీసా, ఆర్నెల్ల గడువు

అమెరికా విజిటర్ వీసా స్టిక్కర్ మీద ఇంటిల్లిపాదీ ముందు వెతికేది చివరి తేదీ. ఇవాళ వేస్తే పదేళ్ల అవతలి తేదీ ఉంటుంది. ఉక్కు ఫ్యాక్టరీలోనో పోర్టులోనో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన దంపతుల పాస్‌పోర్టులు హైదరాబాద్ నుంచి విశాఖ చేరగానే "పదేళ్లు ఇచ్చారు" అని చుట్టాలకు ఫోన్లు వెళ్తాయి. ఇచ్చిన మాట నిజమే. కాకపోతే ఆ పదేళ్లు అమెరికాలో ఉండడానికి ఇచ్చినవి కావు, అమెరికా గుమ్మం దాకా వెళ్లి తలుపు తట్టడానికి ఇచ్చినవి. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే తేదీ వేరే ఉంది. అది స్టిక్కర్ మీద ఉండదు. విమానం దిగాక పుడుతుంది.

దాని పేరు ఐ-94. దిగిన ఎయిర్‌పోర్టులో సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు విభాగం) అధికారి ఎందుకొచ్చారు, ఎవరింట్లో ఉంటారు, ఎప్పుడు వెళ్తారు అని నాలుగు ప్రశ్నలు అడిగి, కంప్యూటర్లో ఒక తేదీ నమోదు చేస్తాడు. బీ-2 అనే ఈ విజిటర్ వీసా మీద వచ్చినవారికి మామూలుగా ఆరు నెలలు. ఒకప్పుడు దీన్ని చిన్న కాగితంగా పాస్‌పోర్టుకు పిన్ను కొట్టి ఇచ్చేవారు. 2013 నుంచి విమానంలో వచ్చేవారికి అది ఆన్‌లైన్ రికార్డుగా మారింది. సీబీపీ వెబ్‌సైట్‌లో పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే కనిపిస్తుంది. కొట్టి చూసేవారు తక్కువ. పాస్‌పోర్టు గడువే దగ్గరపడి ఉంటే ఆరు నెలలు ఇవ్వకుండా ఆ గడువు దగ్గరే ఆపేయడమూ ఉంటుంది. అందుకే "అందరికీ ఆర్నెల్లేగా" అని వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం కన్నా, దిగిన వారంలో రికార్డు తెరిచి చూడడం మేలు.

ఇంకో తికమక ఉంది. శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో మన దేశం దాటేటప్పుడు ఇమిగ్రేషన్ కౌంటర్ ఉంటుంది, అధికారి ముఖం చూసి ముద్ర వేస్తాడు. అమెరికా నుంచి బయల్దేరేటప్పుడు అలాంటి కౌంటరే కనబడదు. సెక్యూరిటీ చెక్ అయితే నేరుగా గేటు, గేటు దాటితే విమానం. ఇది చూసి వచ్చినవాళ్లు "అక్కడ వెళ్లేటప్పుడు ఎవరూ అడగరండీ" అంటారు. అడగరు, నిజమే. అడగాల్సిన పని లేదు కాబట్టి అడగరు. ప్రతి విమాన సంస్థా ప్రయాణికుల వివరాలు ప్రభుత్వానికి పంపాలి. చాలా గేట్ల దగ్గర ముఖాన్ని కెమెరా పట్టుకుంటోంది. వచ్చిన రికార్డునూ వెళ్లిన రికార్డునూ కంప్యూటరే జోడించుకుంటుంది. గడువు దాటినవారి పేరు ఆ జోడింపులో పైకి తేలుతుంది. ఆ సంగతి ఆ మనిషికి మాత్రం ఎవరూ ఉత్తరం రాసి చెప్పరు. సాధారణంగా తెలిసేది ఏళ్ల తర్వాత, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో 2023 నుంచి నడుస్తున్న కాన్సులేట్‌లో అద్దం ఇవతల నిలబడినప్పుడు.

ఇలా గడువు దాటి ఉండిపోవడాన్ని, అంటే ఓవర్‌స్టేను, జనం ఒకటే తప్పు, ఒకటే శిక్ష అనుకుంటారు. చట్టంలో అది మెట్లు మెట్లుగా ఉంది. ఏ మెట్టు మీద ఉన్నారన్నది రోజుల లెక్కే తేలుస్తుంది.

మొదటి మెట్టు ఒక్క రోజు. ఐ-94 తేదీ దాటి ఒక్క రోజు ఉన్నా, ఇమిగ్రేషన్ చట్టంలోని 222(జి) సెక్షన్ ప్రకారం ఆ వీసా దానంతటదే రద్దయిపోతుంది. స్టిక్కర్ చెక్కుచెదరదు, పదేళ్ల తేదీ అలాగే మెరుస్తూ ఉంటుంది, కానీ దానికి ప్రాణం ఉండదు. ఈ తర్వాత వీసా కావాలంటే సొంత దేశంలోనే కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడి నుంచి వేయించుకుందామంటే కుదరదు. విశాఖవాసికి అంటే మళ్లీ రాత్రి రైలెక్కి హైదరాబాద్, మళ్లీ ఇంటర్వ్యూ, మళ్లీ ఫీజు. ఇదంతా తెలియక పాత స్టిక్కర్ పట్టుకుని విమానమెక్కినవారిని దిగిన ఎయిర్‌పోర్టులోనే పక్కగదికి తీసుకెళ్లి తిప్పి పంపేయవచ్చు. అలా ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్ (కోర్టు విచారణ లేకుండా వెంటనే పంపేసే) ఉత్తర్వు చేతిలో పెడితే ఐదేళ్ల నిషేధం దానికి అదనం.

రెండో మెట్టు దగ్గరే అసలు లెక్క మొదలవుతుంది. ఐ-94 తేదీ మర్నాటి నుంచి గడిచే ప్రతి రోజూ లాయర్లు అన్‌లాఫుల్ ప్రెజెన్స్ (అనుమతి లేకుండా ఉన్న కాలం) అనే ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా 180 రోజులు దాటి, ఏడాది లోపే దేశం విడిచిపోతే మూడేళ్లు తిరిగి రానివ్వరు. ఏడాది, ఆ పైన అయితే పదేళ్లు. 1996లో చేసిన చట్టం ఇది. రోజుల లెక్క 1997 ఏప్రిల్ 1 నుంచి మొదలైంది.

ఒక ఉదాహరణ. సీతమ్మధార నుంచి కూతురి పురుడుకని వెళ్లిన తల్లి 2025 జనవరి 10న దిగారనీ, ఆమె ఐ-94 మీద జూలై 9 పడిందనీ అనుకుందాం. జూలై 9న విమానమెక్కితే ఏ పేచీ లేదు. "బిడ్డ ఇంకా మెడ నిలబెట్టలేదు, ఇంకో నెల ఉండమ్మా" అని కూతురు బతిమాలితే ఆగిపోయి ఆగస్టులో బయల్దేరితే వీసా పోయినట్టే, కానీ నిషేధం పడదు. దసరా, దీపావళి, సంక్రాంతి అని పండగ వెంట పండగ చూసుకుంటూ పోతే 2026 జనవరి 5తో 180 రోజులు నిండుతాయి. భోగి మంటల వరకు ఆగితే మూడేళ్లు గుమ్మం మూసుకున్నట్టు. 2026 జూలై 9 నాటికి 365 రోజులు. ఇక ఆ తర్వాత కదిలితే పదేళ్లు. అరవై ఐదేళ్ల మనిషికి పదేళ్లంటే, మనవడిని మళ్లీ ఆ ఇంట్లో చూసేసరికి వాడు అయిదో క్లాసు దాటి ఉంటాడు.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు ఈ ఖాతా తెరుచుకోదు. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవారిది వేరే దారి. వారి ఐ-94 మీద తేదీకి బదులు డి/ఎస్ అని ఉంటుంది, అంటే స్టూడెంట్ స్టేటస్ ఉన్నంతకాలం. స్టేటస్ పోయినా రోజుల లెక్క దానంతటది మొదలవదు, అధికారులో ఇమిగ్రేషన్ జడ్జో తేల్చి చెప్పిన తర్వాతే మొదలవుతుంది. ద్వారకానగర్‌లో కన్సల్టెన్సీ బోర్డుల కింద జరిగే మాటల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి. కొడుకు స్నేహితుడికి వర్తించిన సూత్రం తల్లికి అప్పజెప్పేస్తారు.

ఈ చట్టంలో అన్నిటికన్నా విచిత్రమైన మెలిక, నిషేధం అక్కడ ఉండిపోయినందుకు పడదు, అక్కడి నుంచి కదిలినందుకు పడుతుంది. ఏడాది దాటి ఉండిపోయిన మనిషి అమెరికా గడ్డ మీద ఉన్నంతకాలం ఆ పదేళ్ల శిక్ష నిద్రపోతూనే ఉంటుంది. దేశం విడిచిన రోజునే మేలుకుంటుంది. గడువు దాటినవారు ఇంటికి వెళ్లాలన్నది చట్టం ఉద్దేశం. వెళ్లినవాడిని శిక్షిస్తూ ఆ ఉద్దేశాన్ని నెరవేర్చాలనుకోవడం ఎలాంటి తర్కమో చట్టం రాసినవారికే తెలియాలి. దాని ఫలితం, కొన్నేళ్లుగా అక్కడే ఇరుక్కుపోయినవారు ఇక కదలలేని స్థితి. విశాఖలో తండ్రి పోతే కొడుకు రాలేడు. కర్మకాండ తమ్ముడి చేత చేయించి, అన్న ఫోన్ తెర మీంచి చూస్తాడు. ఊళ్లో వాళ్లు "పెద్దోడు ఎందుకు రాలేదు" అని అడిగితే "సెలవు దొరకలేదు" అని చెప్పే ఇళ్లు ఉంటాయి. సెలవుతో సంబంధం లేదు, అది ఈ సెక్షన్.

ఈ ముడిని ఒక మూల కాస్త వదులు చేసిన తీర్పు 2012లో వచ్చింది. ఇమిగ్రేషన్ జడ్జీల తీర్పుల మీద అప్పీళ్లు వినే బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అపీల్స్ ఇచ్చింది. ఆ కేసు పేరులో ఉన్నవి రెండూ తెలుగు ఇంటిపేర్లే కావడం మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి. గడువు దాటి ఉండిపోయిన ఒక భారతీయ దంపతులు, గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా అడ్వాన్స్ పెరోల్ అనే ముందస్తు అనుమతి తీసుకుని, ఇండియాలో ఉన్న వృద్ధ తల్లిదండ్రులను చూసుకోవడానికి వచ్చి వెళ్లారు. వెళ్లి వచ్చారు కాబట్టి పదేళ్ల నిషేధం పడింది అన్నారు అధికారులు. ప్రభుత్వమే ఇచ్చిన అనుమతితో వెళ్లి రావడం ఈ సెక్షన్ అర్థంలో దేశం విడిచిపోవడం కిందికి రాదు అంది బోర్డు. అయితే ఈ వెసులుబాటు చేతిలో అడ్వాన్స్ పెరోల్ ఉన్నవారికే. పెండింగ్ దరఖాస్తేదీ లేని మనిషికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

మరి ఓవర్‌స్టే అయినా గ్రీన్‌కార్డు వచ్చిందని చెప్పే కథల మాటేమిటి? అవి కట్టుకథలు కావు. అధికారి ముందు నిలబడి సక్రమంగా లోపలికి వచ్చినవారు, అమెరికా పౌరుడి భర్త లేదా భార్య అయినా, ఇరవై ఒక్కేళ్లు నిండిన పౌరుడి తల్లి లేదా తండ్రి అయినా, ఐ-94 గడువు దాటిపోయినా దేశం వదలకుండానే ఐ-485 అనే గ్రీన్‌కార్డు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ వరసవారికి చట్టం ఓవర్‌స్టేను అడ్డంకిగా చూడదు. కథ చెప్పేవారు మింగేసే మాట "పౌరుడి" అన్నది. హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్న కొడుకు తల్లికి ఏమీ చేయలేడు. గ్రీన్‌కార్డు ఉన్న కొడుకు కూడా తల్లిదండ్రులను స్పాన్సర్ చేయలేడు. భారతీయులకు ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు రావడానికే ఏళ్లకేళ్లు పడుతుంటే, ఆ తర్వాత పౌరసత్వానికి మామూలుగా ఇంకో ఐదేళ్లు. అక్కడే పుట్టి అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవడు కూడా ఏ దారీ తెరవలేడు, తాతకూ అమ్మమ్మకూ దరఖాస్తు పెట్టే వరసే చట్టంలో లేదు. అంటే విశాఖ నుంచి వెళ్లే తల్లిదండ్రుల్లో ఎక్కువమందికి ఈ క్షమ అందేది కాదు. అందేవారికీ ఒక చిక్కుంది. విజిటర్‌గా వస్తున్నామని చెప్పి దిగిన వెంటనే గ్రీన్‌కార్డుకు పెడితే, వచ్చేటప్పుడే మనసులో అది ఉందా అన్న ప్రశ్న వస్తుంది. అమెరికా విదేశాంగ శాఖ దీనికి 90 రోజుల కొలత ఒకటి పెట్టుకుంది. ఆ లోపల ప్లాను మారితే మొదట చెప్పింది అబద్ధమని అనుమానిస్తారు.

పదేళ్ల నిషేధానికి మినహాయింపు లేకపోలేదు, ఐ-601 అనే ఫారం ఉంది. దరఖాస్తుదారు దూరమైతే పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయిన భార్యకో భర్తకో, తల్లికో తండ్రికో తీవ్రమైన కష్టం కలుగుతుందని నిరూపించాలి. ఆ జాబితాలో కొడుకూ కూతురూ లేరు. వెళ్లేది పిల్లల కోసం, మినహాయింపు అడిగేటప్పుడు మాత్రం పిల్లల కష్టం లెక్కలోకి రాదు. మన ఇళ్లలో ఉన్న బంధాలకూ ఆ ఫారం ఊహించిన బంధాలకూ ఎక్కడా పొంతన కుదరదు. మళ్లీ విజిటర్‌గానే వెళ్లాలనుకునేవారికి వేరే మినహాయింపు ఉంది కానీ, అది పూర్తిగా అధికారుల విచక్షణ మీద నడిచేది.

నిజంగా ఉండాల్సిన అవసరం పడితే సక్రమమైన దారి ఎక్స్‌టెన్షన్. ఫారం ఐ-539. పెట్టాల్సింది ఐ-94 తేదీ లోపే. కనీసం 45 రోజుల ముందు పెట్టమని ఈ దరఖాస్తులు చూసే అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ సలహా. గడువులోపు, సరైన కారణంతో పెట్టిన దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంతకాలం అన్‌లాఫుల్ ప్రెజెన్స్ ఖాతాలో రోజులు పడవు. మోకాలి ఆపరేషన్, గుండెలో స్టెంట్, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ లాంటివి డాక్టరు ఉత్తరంతో పెడితే నిలబడే కారణాలు. "చలికాలం కదా, వేసవిలో వెళ్తాం" అన్నది నిలబడేది కాదు. దరఖాస్తుతో పాటు ఇండియాకు తిరిగి వస్తారనడానికి ఆధారం, అక్కడ ఖర్చు ఎవరు పెడతారన్నదానికి ఆధారం కూడా చూపాలి. పెన్షన్ పాస్‌బుక్కు, ఎంవీపీ కాలనీలో ఫ్లాటు కాగితం ఇక్కడ పనికొస్తాయి.

ఈ ఎక్స్‌టెన్షన్‌లోనే జనం ఎక్కువగా కాలు జారేది. దరఖాస్తు పెట్టగానే అనుమతి వచ్చేసినట్టు భావిస్తారు. పెండింగ్ అంటే రక్షణే, అనుమతి కాదు. తిరస్కరణ వస్తే మర్నాటి నుంచి రోజులు ఖాతాలో పడతాయి. పాత వీసా కూడా 222(జి) కింద చెల్లకుండా పోతుంది, ఎందుకంటే అప్పటికే ఐ-94 తేదీ దాటిపోయి ఉంటుంది. నిర్ణయం రావడానికి నెలలు పడుతుంది కాబట్టి, అడిగిన అదనపు గడువు కూడా ముగిసి, ఇంటికి వచ్చేసిన తర్వాత తీరిగ్గా జవాబు వచ్చే సందర్భాలు ఉన్నాయి. అలా మధ్యలో తిరిగొచ్చినవారు దరఖాస్తు అందిందని వచ్చిన ఐ-797 రసీదు ప్రింటు తీసి పాస్‌పోర్టుతో కలిపి దాచుకోవాలి. వచ్చే ప్రయాణంలో అధికారి కంప్యూటరులో ఐ-94 తేదీ దాటిన రోజులే ముందు కనిపిస్తాయి. వాటి కారణం చెప్పేది ఆ రసీదే.

2020 మార్చిలో ఇండియాకు విమానాలు ఆగిపోయినప్పుడు ఇలాంటి రసీదుల విలువ చాలా ఇళ్లకు తెలిసొచ్చింది. వందే భారత్ విమానాలు మే నెలలో మొదలయ్యేసరికి ఎందరి గడువులో అయిపోవస్తున్నాయి. ఆలస్యంగా పెట్టిన ఎక్స్‌టెన్షన్‌ను కూడా చేతిలో లేని అసాధారణ పరిస్థితి ఉంటే మన్నించవచ్చని నిబంధనల్లోనే ఉంది. ఆసుపత్రిలో ఉండి తేదీ దాటిపోయినవారు "ఇక అయిపోయింది" అని చేతులెత్తేయకుండా ఈ నిబంధన కింద అడగవచ్చు.

దొంగదారిన సరిహద్దు దాటినవారితో విజిటర్ వీసా మీద వచ్చినవారిని కలిపి చూడడం ఇటీవల ఎక్కువైంది. 2025 ఫిబ్రవరి 5న మిలిటరీ విమానం 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దింపిన దృశ్యాలు చూసి అమెరికాలో పిల్లలున్న ఇళ్లన్నీ ఉలిక్కిపడ్డాయి. సక్రమంగా గుమ్మంలోంచి వచ్చినవాడికి ఆ తర్వాత దొరికే దారులు సరిహద్దు దాటినవాడికి దొరకవు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. మొత్తం ఏడాదికి పైగా గడువు దాటి ఉండి, బయటికొచ్చి, ఆ పైన సరిహద్దు మీదుగా దొంగచాటుగా వెళ్లబోతే పడేది శాశ్వత నిషేధం. పదేళ్లు బయట గడిపాక గానీ అనుమతి అడిగే హక్కే రాదు.

తిరిగొచ్చి కొత్త వీసాకు పెట్టేటప్పుడు డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. ఇదివరకు అమెరికాలో ఇచ్చిన గడువు దాటి ఉన్నారా అని. ఫారం నింపేది చాలాసార్లు దరఖాస్తుదారు కాదు, ఏ సందులోనో ఉన్న ఆన్‌లైన్ సెంటర్ కుర్రాడు. వాడికి అన్నిటికీ "నో" కొట్టే అలవాటు. ఇరవై రోజుల ఓవర్‌స్టేకు శిక్ష పాత వీసా పోవడమే. దాన్ని దాచి "నో" కొట్టినందుకు తప్పుడు సమాచారమనే వేరే సెక్షన్ తగిలితే జీవితాంతం అనర్హత. అసలు తప్పు కన్నా కప్పిపుచ్చడం బరువు. ఫారం సబ్మిట్ కొట్టేముందు ఆ ఒక్క పేజీనైనా దరఖాస్తుదారు కళ్లజోడు పెట్టుకుని చదవాలి. దాచకుండా చెప్పినా వీసా వస్తుందన్న హామీ లేదు. తిరిగొస్తారన్న నమ్మకం లేదని 214(బి) కింద తిప్పి పంపవచ్చు. కానీ మర్నాడు మళ్లీ దరఖాస్తు పెట్టుకునే దారి మూసుకోదు.

ఉత్తరాంధ్రలో విజిటర్ వీసా అంటే అమెరికా ఒక్కటే కాదు. శ్రీకాకుళం పల్లెల నుంచి విశాఖ ఏజెంట్ల చేతుల మీదుగా గల్ఫ్‌కు "విజిట్" మీద వెళ్లేవారి లెక్క పూర్తిగా వేరు, అక్కడ శిక్ష డబ్బులో పడుతుంది. యూఏఈలో గడువు దాటిన ప్రతి రోజుకూ 50 దిర్హాములు. 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు అక్కడి ప్రభుత్వం జరిమానాలు మాఫీ చేసి ఇళ్లకు వెళ్లనిచ్చింది. థాయ్‌లాండ్‌లో రోజుకు 500 బాత్, ఎక్కువలో ఎక్కువ 20,000. 90 రోజులు దాటితే, తామే వెళ్లి లొంగినా ఏడాది నిషేధం. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా సైబర్ ముఠా వ్యవహారంలో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఆశపెట్టి కుర్రాళ్లను పంపింది టూరిస్టు వీసాల మీదే. అక్కడ పాస్‌పోర్టు పని చేయించుకునేవాడి చేతిలో ఉంటే గడువు దాటడం దాటకపోవడం కుర్రాడి చేతిలో ఉండదు. ఆ సమస్య వేరు, దాన్ని ఓవర్‌స్టే అని పిలవడం కూడా సరికాదు. ఇక యూరప్‌లో షెంగెన్ దేశాలు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలన్న లెక్కను 2025 అక్టోబరు 12 నుంచి దశలవారీగా ముద్రలు మాని కంప్యూటరుకు అప్పగించడం మొదలెట్టాయి.

గడువులోపే వచ్చేసినా ఒక్కోసారి రికార్డు తేడా కొడుతుంది. ఉదాహరణకు రోడ్డు మీదుగా కెనడా వెళ్లి టొరంటోలో విమానమెక్కితే, అమెరికా కంప్యూటరులో ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు కనిపించే అవకాశం ఉంది. అధికారి తేదీ తప్పుగా కొట్టడమూ జరుగుతుంది. అక్కడ ఉండగానే గమనిస్తే ఇలాంటి తప్పులు సరిదిద్దే సీబీపీ వారి డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిచేయించుకోవచ్చు. ఇక్కడికొచ్చాక తెలిస్తే ఆధారాలు వెతుక్కోవాలి. బోర్డింగ్ పాస్ ముక్క, టికెట్టు, ఆ నెల పెన్షన్ ఖాతాలోంచి విశాఖ ఏటీఎంలో డబ్బు తీసిన ఎంట్రీ. వీటన్నిటిలో గట్టిది పాస్‌పోర్టులో అడుగు పేజీలో ఎక్కడో వంకరగా పడి ఉంటుంది. వెళ్లేటప్పుడు అమెరికా వేయని ముద్రకు బదులు, వచ్చేటప్పుడు శంషాబాద్ కౌంటరులో వేసిన అరైవల్ ముద్ర. సిరా అలికిపోకముందే దాన్ని ఫొటో తీసి పెట్టుకున్నవారికి ఆ తేదీ చదివి చెప్పడం సులువు.